దుర్భిణికి కెమెరా తగిలించి కృష్ణ అవతలికి చూస్తే

ఈ ప్రయాణంలో నేను తీసిన ఫొటోల్లో సగానికి పైగా వాటిలో ఏముందో నాకే తెలియదు. మధ్యలో బూడిదరంగు ముద్ద, దాని చుట్టూ నల్లటి వలయం. ఇంటికి వచ్చాక మా ఆవిడ చూసి, "ఇదేం గ్రహణమండీ?" అని అడిగింది. గ్రహణం కాదు, పల్నాడుకు ఎదురుగా, కృష్ణ అవతలి ఒడ్డున ఉన్న సున్నపురాతి చరియ అన్నాను. ఆమె ఫోను తిరగేసి పట్టుకుని కూడా చూసి, వెనక్కి ఇచ్చేసింది.

నాది కాకినాడ. కళ్ళజోళ్ళ దుకాణం. సెలవు దొరికితే కోరంగి మడ అడవుల వైపు వెళ్ళి పక్షుల్ని చూడటం అలవాటు. పోయినేడాది ఒక దుర్భిణి కొన్నాను. మూడు కాళ్ళ స్టాండు మీద పెట్టి ఒంటికన్నుతో చూసే రకం. స్పాటింగ్ స్కోపు అంటారు. మా తమ్ముడు తన పాత మిర్రర్‌లెస్ కెమెరా ఇచ్చాడు. ఈ రెంటినీ ఒక గొట్టంతో కలిపితే దుర్భిణే కెమెరాకు లెన్సుగా పనిచేస్తుందని, ఏటికి అవతలున్న పిట్ట ఈకలు కూడా లెక్కపెట్టవచ్చని వీడియోల్లో చూశాను. గొట్టం తెప్పించాను. రోజూ అద్దాలతో బతికేవాణ్ణి, ఇదెంత పని అనుకున్నాను.

పక్షులు చూసేవాళ్ళ గుంపులో పరిచయమైన ఒకాయన, రెంటచింతల దాటాక కృష్ణకు అవతలి గట్టున, రాతి చరియలో కొండగుడ్లగూబ పిల్లల్ని పెట్టిందని చెప్పాడు. దగ్గరికి పోతే అది బెదురుతుంది, ఇవతలి గట్టు నుంచి చూడాల్సిందే అన్నాడు. మార్చి మొదట్లో, దుకాణం మా తమ్ముడికి అప్పజెప్పి బయల్దేరాను. నేను చివరికి చేరిన ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయను. నాకు అన్నం పెట్టినవాళ్ళు వద్దన్నారు.

నరసరావుపేట

లాడ్జిలో దిగగానే డాబా మీదికెక్కి సామాను బిగించాను. దూరంగా కోటప్పకొండ. కెమెరా తెరమీద కొండ తలకిందులు కాకుండా, నిటారుగా, మెట్లదారితో సహా కనిపించింది. సంతోషంగా మీట నొక్కాను. కెమెరా ఉలకలేదు. లెన్సు సరిగా అమర్చలేదని తెరమీద ఎర్రక్షరాలు వచ్చాయి. విప్పి మళ్ళీ బిగించాను. మళ్ళీ అదే. కళ్ళెదుట కొండ కనిపిస్తుంటే లెన్సు లేదంటుందేమిటో అర్థం కాలేదు.

బజారులో పెళ్ళిళ్ళ ఫొటోలు తీసే స్టూడియో ఒకటి కనిపిస్తే అక్కడికి మోసుకెళ్ళాను. యజమాని పేరు మస్తాను. మనిషి భారీగా ఉన్నాడు, మాట ఇంకా భారీ.

"ఏంది సార్ ఇది? ఎవరి మీదకి గురిపెడతన్నారు?" అన్నాడు.

విషయం చెప్పాను. ఆయన గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి, "నేను చానా కెమెరాలు చూశా గానీ, దీనికి ముందేదో వెనకేదో తెలవట్లా," అన్నాడు. ఇద్దరం టీలు తెప్పించుకుని మెనూలోకి దిగాం. నేనొకటి మారుస్తాను, ఆయన ఇంకొకటి మారుస్తాడు. ఒక దశలో కెమెరా మాటలన్నీ జపాను భాషలోకి మారిపోయాయి. మళ్ళీ ఇంగ్లీషు తెప్పించడానికి టీలు మరోసారి తాగాల్సి వచ్చింది. ఆ గందరగోళంలోనే ఎప్పుడో ఠక్కుమని శబ్దం వచ్చింది. ఎదుటి మందుల షాపు బోర్డు మీది ఒకే ఒక అక్షరం తెరనిండా పడింది.

"ఏది నొక్కారండీ?" అని ఆత్రంగా అడిగాను.

"నాకేం తెలుసు సార్, అన్నీ నొక్కితిని."

లెన్సు లేకపోయినా ఫొటో తీయమని చెప్పే ఒక ఆజ్ఞ మెనూ అడుగున ఎక్కడో ఉంటుందట. కాకినాడ వచ్చాక చదివి తెలుసుకున్నాను. ఆ రోజు మాత్రం మళ్ళీ ఏదీ ముట్టుకోకుండా, కెమెరా ఆపకుండానే లాడ్జికి తెచ్చుకున్నాను. డబ్బులు ఇవ్వబోతే మస్తాను నవ్వి, "ఠక్కుమన్నందుకు ఎంత తీసుకోమంటారు?" అన్నాడు. పైగా నేను వెళ్ళే ఊళ్ళో తాను పెళ్ళి ఫొటోలు తీసిన ఇల్లు ఒకటుందని, అక్కడ దిగమని ఫోను కూడా చేశాడు.

గురజాల మీదుగా

బస్సు కిటికీలోంచి చూస్తే కల్లాలన్నీ ఎర్రగా ఉన్నాయి. మిరపకాయలు ఎండబోశారు. గాలి ఇటు మళ్ళినప్పుడల్లా బస్సులో నేనొక్కణ్ణే తుమ్ముతున్నాను, మిగతావాళ్ళకు పట్టినట్టే లేదు. మా వైపు దొడ్లకు కొబ్బరాకు దడి కడతారు. ఇక్కడ మనిషెత్తు నాపరాళ్ళు వరసగా నిలబెట్టి పాతారు. కొన్ని పశువుల కొట్టాలకు కప్పు కూడా ఆ రాళ్ళే.

నా పక్కన కూర్చున్న ముసలామె నా ఒళ్ళోని సంచీని చాలాసేపు చూసి, "అందులో ఏంది నాయనా, పిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకున్నావు?" అంది.

"దుర్భిణి అమ్మా. దూరంగా ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి."

"దేన్ని చూట్టానికి?"

"గుడ్లగూబని."

ఆమె కొంగుతో నోరు తుడుచుకుని, "దాన్ని చూడకుండా ఉంటానికి మేం తలుపులేసుకుంటాం," అని అటువైపుకు తిరిగి కూర్చుంది. గురజాలలో దిగేటప్పుడు మాత్రం జాలిపడి ఒక జామకాయ ఇచ్చింది.

గురజాల బస్టాండు దగ్గర హోటల్లో భోంచేశాను. మా గోదావరి వైపు పులుసులో కాస్త బెల్లం తగలనిస్తారు. ఇక్కడ పులుసు నోట్లో పెట్టుకున్నాక కాసేపు నాకు నేనే గుర్తులేను. వడ్డించే అతను "కారం తక్కువైందా సార్?" అని నిజాయితీగానే అడిగాడు. బయటికొచ్చి ఒకదాని వెంట ఒకటి సోడాలు తాగాను.

రెంటచింతల దాటాక

రెంటచింతల వేడి గురించి అందరూ చెప్పేదే. బస్సు దిగి స్టాండు తీయబోతే దాని కాళ్ళు చెయ్యి పెట్టనివ్వలేదు. మస్తాను చెప్పిన ఇంటాయన, ఇన్నయ్య, మోటారుసైకిలు మీద వచ్చి తీసుకెళ్ళాడు. అరవై దాటినవాడు, తక్కువ మాట్లాడే మనిషి. దారిపొడవునా చర్చి గంట వినిపించింది.

ఇంటి ముందు కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్న ఆమె ఇన్నయ్య భార్య లూర్దమ్మ. నన్ను చూడగానే, "ఎండనబడి వచ్చావు, ముందు నీళ్ళు తాగు తమ్ముడూ," అంది. అంతే, మూడు రోజులూ నేను తమ్ముణ్ణే. జొన్నరొట్టె, గోంగూర, గడ్డపెరుగు పెట్టింది. తిన్నాక మర్యాదకు నేనూ కాసేపు మిరపకాయలు తిరగేశాను. ఆ చేతుల్తోనే దుర్భిణి కంటిభాగం తుడిచి, దానికి కన్ను ఆనించాను.

తర్వాత ఏం జరిగిందో సరిగా చెప్పలేను. తొట్టి దగ్గర నా తల మీద ఎవరో నీళ్ళు పోస్తున్నారని మాత్రం తెలుసు. "మీ ఊళ్ళో మిరగాయలు ఉండవా ఏంది?" అని లూర్దమ్మ గొంతు వినిపించింది.

ఏటి గట్టు

ఎండ తగ్గకముందే, ఎర్రబడ్డ కన్నుతోనే ఇన్నయ్యతో గట్టు మీదికి వెళ్ళాను. కింద కృష్ణ వెడల్పుగా, కదలనట్టు ఉంది. అవతల తెలంగాణ. తెల్లటి రాతి చరియ, పక్కన వాలు, వాలు మీద తుమ్మచెట్లు, ఒక రేకుల ఇల్లు.

సామాను బిగించాను. వెనక కెమెరా బరువుకు దుర్భిణి ముక్కు పైకి లేచి ఆకాశాన్ని చూసింది. ఇన్నయ్య ఒక సంచిలో నాపరాతి ముక్కలు వేసి ముందువైపు వేలాడదీశాడు. ఇప్పుడు ముక్కు నీళ్ళలోకి వంగింది. రాళ్ళు తీస్తూ, వేస్తూ ఎట్లాగో నిలబెట్టాం. ఎండకు తెర కనిపించడం లేదు. ఇన్నయ్య తువ్వాలు తలమీద కప్పుకుని లోపల్నించి చూశాను. చుట్టూ నల్ల వలయం. కంటిభాగం తిప్పి బొమ్మను పెద్దది చేస్తే వలయం పోయింది, కానీ అంతా చీకటిపడింది. వెలుతురు పెంచితే బొమ్మ ఊగింది. మీట ముట్టుకుంటేనే ఊగుతోందని, నొక్కాక కాసేపు ఆగి తీసేట్టు పెట్టాను. అప్పటికీ చరియ మొత్తం మరుగుతున్న పాలలా కదులుతోంది. గుడ్లగూబ అనుకున్నది ఒకసారి రాయిలా, ఒకసారి రెండు గుడ్లగూబల్లా కనిపించింది. తప్పు గొట్టానిదా, స్టాండుదా, కెమెరాదా, మిరపకాయల కంటిదా? ఒక్కొక్కటే మార్చి చూశాను. అన్నీ ఒకేలా చెడిపోయాయి.

లూర్దమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది. "గూబ కోసం ఇంత దూరం వచ్చావా? ఏదీ, నన్నూ చూడనీ," అని తువ్వాలు కింద తల పెట్టింది. కాసేపు "ఏందో అంతా దుమ్ముగా ఉంది," అంటూ నవ్వింది. తర్వాత ఎవర్నీ అడక్కుండా దుర్భిణిని మెల్లగా ఎడమకు తోసింది. చరియ దాటించి, తుమ్మచెట్లు దాటించి, ఆగింది.

ఆమె నవ్వు ఆగిపోయింది. ఎంతసేపటికీ తల బయటికి తీయలేదు.

"అక్కా, ఏం కనిపిస్తోంది?"

"ఎవరో కూసోనున్నారు. ఆ రేకులింటి ముందర. ఫొటో తియ్యి తమ్ముడూ."

తీశాను. పెద్దది చేసి చూశాం. నీలం రంగు ఒకటి, దానిపైన గోధుమ రంగు ఒకటి. మనిషి అంటే మనిషి, మూట అంటే మూట.

"మా అన్నే," అంది లూర్దమ్మ.

ఇన్నయ్య చూసి, "శౌరయ్య ఇంత చిన్నగా ఉండడు. ఆయన కాదులే," అన్నాడు. ఎందుకో మా ఇద్దరి మొహాలూ చూడకుండా అన్నాడు.

"నా తోడబుట్టినోణ్ణి నేను ఎరగనా?"

"ఎరిగితే నన్నెందుకు అడుగుతావే?"

ఇద్దరూ నన్ను చూశారు. కళ్ళజోళ్ళవాణ్ణి కదా, నేను తేలుస్తానని. నాకు అది మనిషో కాదో కూడా తెలియడం లేదు. ఇంకా తీశాను. ప్రతి ఫొటోలోనూ ఆయన వేరే ఆకారంలో ఉన్నాడు. లూర్దమ్మ చెంబు అక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళిపోయింది.

సాయంత్రం సామాను సర్దుతుంటే ఇన్నయ్య చెప్పాడు. లూర్దమ్మ తల్లి చివరిరోజుల్లో అవతలి గట్టున కొడుకు శౌరయ్య దగ్గరే ఉండేది. కరోనా వచ్చిన మొదటి వేసవిలో ఆమె పోయింది. వీళ్ళు బయల్దేరి వెళ్తే వంతెన దగ్గర ఆపేశారు. రాష్ట్రం మారేచోట ఎవర్నీ దాటనివ్వని రోజులవి. ఏరు దాటించే గుండ్రటి పుట్టి వేసేవాళ్ళూ భయపడి రాలేదు. ఎండ చూస్తే అంత ఎండ. శౌరయ్య ఆగలేక సమాధి చేసేశాడు. తర్వాత ఫోన్లో ఒకరి మీద ఒకరు విరుచుకుపడ్డారు. కడసారి మొహం చూడనివ్వలేదు, నీ గడప తొక్కనని ఆమె అంది. ఏరు దాటటానికి నీకే మనసు రాలేదని ఆయన అన్నాడు.

"అప్పటినుంచి ఈ గట్టెక్కలా ఆమె. ఇయ్యాలే ఎక్కింది, నీ మిషను కోసం," అన్నాడు ఇన్నయ్య.

మర్నాడు పొద్దున

తెల్లవారీ తెల్లవారకముందే లూర్దమ్మ కాఫీ ఇచ్చి, "పద తమ్ముడూ," అంది. ఎక్కడికని నేను అడగలేదు. ఇన్నయ్యా వెనకే వచ్చాడు.

గట్టు మీద చల్లగా ఉంది. ముందు చరియవైపు తిప్పి చూశాను. రాతి పగుళ్ళు, పగుళ్ళలో మొలిచిన గడ్డి, ఆ గడ్డి నీడ, అన్నీ చెక్కినట్టున్నాయి. నిన్నటి గొట్టమే, నిన్నటి స్టాండే. అప్పుడు తట్టింది. నిన్న కదిలింది నా సామాను కాదు, గాలి. ఎండకు కాగిన రాయిమీద, ఇసుకమీద గాలి సెగలై లేస్తుంటే దానిలోంచి నేను ఫొటో తీయాలని చూశాను. ఇంత చిన్న సంగతి తెలియడానికి ఒక రోజు పట్టింది.

గుడ్లగూబను వెతకబోతుంటే లూర్దమ్మ చెయ్యి దుర్భిణి మీద పడింది. ఎడమకు.

రేకుల ఇల్లు, ముందు బండ, బండమీద మనిషి. నీలం లుంగీ. నెరిసిన గడ్డం. బక్కచిక్కిన భుజాలు. పక్కన బకెట్టు. మొహం కడుక్కుంటున్నాడు. ఠక్కుమనిపించి తెర ఆమెకు చూపించాను.

ఆమె తువ్వాలు కప్పుకోలేదు. "మా అన్నే," అంది మెల్లగా. కాసేపు చూసి, "అదేంది, ఒక చేత్తోనే కడుక్కుంటన్నాడు?" అంది. "ఇంకోటి తియ్యి."

తీశాను. ఇంకోటి తీశాను. అన్నిట్లోనూ ఎడమ చెయ్యి ఒళ్ళో అట్లాగే పడి ఉంది. కుడిచేత్తో చెంబు ముంచి, చెంబు కింద పెట్టి, ఆ చేత్తోనే మళ్ళీ నీళ్ళు తీసుకుని మొహానికి రాసుకుంటున్నాడు. లేవబోయి, లేవలేక, కర్ర కోసం తడుముకున్నాడు.

లూర్దమ్మ మొగుడివైపు తిరిగింది. "నీకు తెలుసు."

ఇన్నయ్య నేలచూపులు చూశాడు. "చేపలోళ్ళు చెప్పారు. పోయిన వానాకాలం పక్షవాతం వచ్చిందంట."

"చెప్పవేందయ్యా నాకు?"

"ఎట్టా చెప్పేదే? ఆ పేరెత్తితే కంచం ముందరినించి లేచిపోతివి. ఎన్ని దఫాలు ఎత్తా నేను?"

ఆమె కొంగు బిగించి దోపుకుని గట్టు దిగి, రేవు దగ్గర వలలు సర్దుకుంటున్న మనిషిని కేకేసింది. "ఒరేయ్ ఏసోబూ, పుట్టి దించు!"

నేనూ వెంటపడబోయాను. ఇన్నయ్య నా భుజం పట్టుకుని ఆపాడు. "మనం వద్దు. ఆమెని పోనీ."

అవతలి గట్టు

పుట్టి గుండ్రంగా తిరుగుతూ, నీళ్ళకు ఒదిగి ఒదిగి వెళ్ళింది. ఇప్పటికీ నాకు తెలియనిది ఏమిటంటే, అప్పుడు నేను చూడటం మర్యాదేనా అన్నది. పరాయివాళ్ళ ఇంట్లోకి అంత దూరం నుంచి తొంగిచూడటం. కానీ ఇన్నయ్యకు అంత దూరం ఆనదు. "ఏం జరగతందో చెప్పు బావా," అని గట్టు మీద కూలబడ్డాడు. లూర్దమ్మకు తమ్ముణ్ణయితే ఆయనకు నేను బావమరిదినే కదా. మీట నొక్కుతూనే చెప్పడం మొదలుపెట్టాను.

"దిగింది. వాలెక్కుతోంది. ఆయన చూశాడు. కర్ర పట్టుకుని లేచాడు."

"ఆ?"

"ఆమె ఆయన దగ్గరికి వెళ్ళడం లేదు. పక్కకి పోతోంది. తుమ్మచెట్ల కింద తెల్లటి సిలువ ఉంది. అక్కడ కూర్చుంది."

ఇన్నయ్య సిలువగుర్తు వేసుకున్నాడు.

చాలాసేపు ఆమె వీపే కనిపించింది. శౌరయ్య ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి, దూరంగా నిలబడ్డాడు. ఆమె లేచింది. ఆయనవైపు తిరిగి చెయ్యి గట్టిగా ఊపింది. భూమిని చూపించింది. ఏటిని చూపించింది. మళ్ళీ భూమిని. ఆయన కర్రతో నేలమీద కొట్టినట్టు అనిపించింది. ఆయన నోరూ కదులుతోంది. మాటలు లేవు, మొహాలు మాత్రం పక్కనే ఉన్నట్టున్నాయి. కొట్టుకుంటారేమో అనుకున్నాను.

"ఏం చేస్తన్నారు?"

"తెలియడం లేదు. తిడుతున్నట్టుంది అక్క."

ఇన్నయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. "తిడతందా? అయితే ఫరవాలా. మాట్లాడుతంది గందా."

ఎండ ఎక్కుతోంది. బొమ్మ అంచులు అప్పుడే వణకడం మొదలైంది. ఆఖరుగా స్పష్టంగా కనిపించింది ఏమిటంటే, లూర్దమ్మ ఆయన దగ్గరికి నడిచి, ఆ పడిపోయిన ఎడమచేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. తర్వాత ఆ ఇద్దరూ కలిసిపోయి, ఒకటే రంగుముద్ద అయ్యారు. పట్టుకున్నారో, విడిపోయారో, ఆ ముద్దలో నాకు తేలలేదు.

మధ్యాహ్నానికి ఆమె ఇన్నయ్యకు ఫోను చేసింది. నాలుగు రోజులు అక్కడే ఉంటుందట. కల్లంలో కాయలు తిరగెయ్యమంది, కోళ్ళను గంప కింద ముయ్యమంది, తమ్ముడికి వేడివేడిగా వండిపెట్టమంది. ఇంకేమీ చెప్పలేదు. ఇన్నయ్య వండిన చేపల పులుసు తిన్నాను. మర్నాడు పొద్దున చరియవైపు తిప్పితే తల్లి గుడ్లగూబ లేదు. పిల్ల ఒకటి పగుల్లోంచి నావైపే చూస్తోంది. ఒక ఫొటో బాగా వచ్చింది. ఎలా వచ్చిందని అడక్కండి.

కాకినాడ చేరాక లూర్దమ్మ ఫోను చేసి ఆ పొద్దుటి ఫొటోలు పంపమంది. పంపాను. సాయంత్రం మళ్ళీ మోగింది.

"తమ్ముడూ, ఇందులో నేను మా అన్నని తిడతన్నానని మీ బావ ఊరంతా చెబుతన్నాడు. నువ్వు చెప్పావంట?"

"చేతులు అట్లా ఊపుతుంటే నాకు అట్లాగే అనిపించిందక్కా."

"తిట్టలా. అమ్మని ఎట్టా పడుకోబెట్టారో అడుగుతన్నా. తల ఎటు, కాళ్ళు ఎటు అని." ఫోన్లో కోళ్ళ చప్పుడు ఒకటే. "ఏటివైపు పెట్టించాడంట మొహం. చెల్లెలు పుట్టిలో వస్తే అమ్మకి కనపడాల అని, ఆ ఎండలో, అట్టా తవ్వించాడంట."

అంతలోనే మళ్ళీ ఆమే అంది, "సరేలే, భోంచేశావా?"